క్లచ్చు ఉన్నదా, లేనిదా? వరంగల్ వైపు తిప్పే డబుల్ క్యాబ్ పికప్‌ల గేరుబాక్సులపై సమీక్ష

ఎనుమాముల యార్డుకు మిర్చి తోలడానికో, ఐకేపీ సెంటర్ నుంచి మిల్లుకు వడ్లు దింపడానికో బండి చూస్తున్నవాళ్లకు ఈ సమీక్షతో పని లేదు. బొలెరో పికప్, టాటా యోధ, ఇంట్రా, దోస్త్... డీజిల్ ట్రాలీల్లో ఏది తీసుకున్నా చేతికొచ్చేది ఐదు గేర్ల మాన్యువలే. గేరా, ఆటోమేటిక్కా అన్న తర్జనభర్జన మొదలయ్యేది డబుల్ క్యాబ్ దగ్గర, అంటే రెండు వరుసల సీట్లూ వెనక సరుకు వేసే తొట్టీ ఉన్న పికప్ దగ్గర. పొద్దున పొలానికి ఎరువు బస్తాలు, సాయంత్రం ఇంటిల్లిపాదితో హన్మకొండ చౌరస్తా, పండుగకు మేడారం. ఇన్ని పనులు ఒకే బండితో చేయించుకోవాలనుకునేవాళ్లకు షోరూముల్లో ఉన్నవి ముఖ్యంగా రెండు: ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్. రెండింటిలోనూ రెండు రకాల గేరుబాక్సులూ దొరుకుతాయి.

వీ-క్రాస్‌ది 1.9 లీటర్ల డీజిల్ ఇంజన్. 163 పీఎస్ పవర్, 360 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఆరు గేర్ల మాన్యువల్ తీసుకున్నా ఆరు గేర్ల ఆటోమేటిక్ తీసుకున్నా ఈ అంకెలు మారవు. హైలక్స్ సంగతి వేరు. 2022లో మన దేశంలోకి వచ్చిన ఈ బండికి 2.8 లీటర్ల ఇంజన్, 204 పీఎస్. టార్క్ మాత్రం మాన్యువల్‌లో 420, ఆటోమేటిక్‌లో 500. ఇంజన్ ఒక్కటే అయినా మాన్యువల్ కొన్నవాళ్లకు 80 న్యూటన్ మీటర్లు కోత పడుతోంది. క్లచ్చు, గేరు పళ్లు ఎంత తట్టుకుంటాయో చూసి టార్కును కంప్యూటర్‌లోనే కట్టేయడం డీజిల్ బండ్లలో మామూలే. ధరలు ప్రకటించిన 2022 మార్చిలో హైలక్స్ హై మాన్యువల్ 35.80 లక్షలు, హై ఆటోమేటిక్ 36.80 లక్షలు, ఎక్స్‌షోరూం. తర్వాత ధరలు మారాయి కాబట్టి కొనేరోజు రెండింటికీ కొటేషన్ ఒకేసారి రాయించుకోండి. తేడా అప్పటిలాగే లక్ష చుట్టూ ఉంటే హైలక్స్‌లో మాన్యువల్ తీసుకోవడానికి గట్టి కారణం ఉండాలి. అసలు ఆలోచించాల్సింది వీ-క్రాస్ దగ్గరే.

చిన్న కార్లలో వచ్చే ఏఎంటీని చూసి "ఆటోమేటిక్ అంటే ఎత్తులో వెనక్కి జారుతుందన్నా" అనేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఏఎంటీలో లోపల ఉండేది మామూలు క్లచ్చు ప్లేటే, కాలికి బదులు మోటారు దాన్ని నొక్కుతుంది. ఈ పికప్‌లలో ఉండేది టార్క్ కన్వర్టర్. నూనెలో ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు. ఇంజన్ ఒకదాన్ని తిప్పితే ఆ నూనె తోపుకు రెండోది తిరుగుతుంది. మధ్యలో ఇనుముకు ఇనుము తగలదు, అందుకే అరిగేది తక్కువ. మొదటి కదలికలో ఇంజన్ ఇచ్చే టార్కును ఇది రెట్టింపుకు దగ్గరగా పెంచి చక్రాలకు పంపుతుంది. బండి వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్చు పట్టుకుని రెండు ఫ్యాన్లనూ ఒకటి చేస్తుంది. ఈ లాకప్ పడనంత కాలం నూనె చిలుక్కుంటూనే ఉంటుంది, చిలికినకొద్దీ వేడెక్కుతుంది. ఆటోమేటిక్ మంచీ చెడూ చాలావరకు ఇక్కడే ఉన్నాయి.

ఖిలా వరంగల్ దర్వాజాల దగ్గర దారి రాతిగోడల మధ్య వంకర తిరుగుతుంది. 5.3 మీటర్ల పొడవు, ఆరు మీటర్లు దాటిన టర్నింగ్ రేడియస్ ఉన్న బండిని అక్కడ తిప్పాలంటే, ఎదురుగా ఆటో వచ్చిందంటే, రెండు మూడుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించాల్సిందే. మాన్యువల్‌లో ఇదంతా హాఫ్ క్లచ్చు పని. ఎడమ కాలు పెడల్‌ను సగంలో పట్టుకుని ఉంటుంది, ప్లేటు సగం పట్టి సగం జారుతుంది, ఆ జారుడంతా వేడిగా మారుతుంది. ఆటోమేటిక్‌లో బ్రేకు మీద కాలు కొంచెం వదిలితే బండి నడిచే మనిషి వేగంతో దానంతటదే పాకుతుంది. మేడారం జాతరకు పస్రా దాటాక బండ్లు గంటల తరబడి బారులు తీరతాయి, సాయంత్రం కాజీపేట బ్రిడ్జి మీదా అదే కథ. అలాంటి చోట ఆటోమేటిక్ తీసుకున్నవాళ్లు మళ్లీ క్లచ్చు బండి మొహం చూడరు.

రివర్సు దగ్గర తేడా ఇంకా పెద్దది. గోడౌన్ ర్యాంపు మీదికి లోడుతో వెనక్కి ఎక్కించాలి అనుకుందాం. మాన్యువల్‌లో రివర్సు గేరు పూర్తిగా పట్టాలంటే బండి కొంత వేగం అందుకోవాలి. ర్యాంపు మీద అంత వేగం పనికిరాదు కనుక డ్రైవరు రేసు ఇస్తూ క్లచ్చును సగంలో ఆపుతాడు. పదిహేను ఇరవై సెకన్లు అలా పట్టుకుంటే ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది. అది ప్లేటు లైనింగు కాలుతున్న వాసన. నాలుగు చక్రాలకూ బలం అందే ఫోర్ బై ఫోర్ బండే కదా, 4ఎల్ (వేగం తగ్గించి బలం పెంచే స్థానం) వేసి రివర్సు చేస్తే పోలేదా అంటారు. మొరం మీద, మట్టి మీద అయితే వేయండి, 4ఎల్‌లో చక్రానికి అందే బలం సుమారు రెండున్నర రెట్లవుతుంది, క్లచ్చు మీద భారం పోతుంది. కానీ ఈ రెండు బండ్లలోదీ పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్. ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ ఒకే వేగానికి కట్టేస్తుంది. గట్టి సిమెంటు మీద, తారు మీద స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనకవి తక్కువ దూరం తిరగాలి, ఆ తేడా ఎటూ పోలేక గేర్లలో బిగుసుకుంటుంది. బండి మొరాయిస్తుంది, లివరు పడదు, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు దెబ్బతింటాయి. కాబట్టి సిమెంటు ర్యాంపు మీద వెనక రెండు చక్రాలే తోసే 2హెచ్‌లోనే రివర్సు చేయాలి, అక్కడ ఆటోమేటిక్ గెలుస్తుంది.

క్లచ్చు ఎన్నాళ్లు వస్తుందన్నదానికి ఒకే జవాబు లేదు. హైవే మీద తిరిగే బండికి లక్ష కిలోమీటర్లు దాటినా ఏమీ కాదు, పెడల్ మీద కాలు ఆనించి నడిపేవాళ్ల చేతిలో ముప్పై వేలకే పోతుంది. ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఒకటి ఉంది. ఇంజన్ వేడెక్కాక సమతలం మీద ఆపి, ఎదురుగా ఎవరూ లేకుండా చూసి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, నాలుగో గేరు వేసి క్లచ్చు మెల్లగా వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోతే ప్లేటు బాగున్నట్టు. క్లచ్చు పూర్తిగా వదిలినా ఇంజన్ తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. ఒక్కసారి చేస్తే చాలు, మళ్లీ మళ్లీ చేస్తే పరీక్షతోనే ప్లేటు పోతుంది. శబ్దాలు వినడమూ తెలిసుండాలి. పెడల్ నొక్కినప్పుడు గీరినట్టు వస్తే రిలీజ్ బేరింగు, న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వచ్చి నొక్కితే ఆగిపోతే గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు. షెడ్డులో చాలాసార్లు ఈ రెండింటినీ కలిపేసి క్లచ్చు సెట్టు మొత్తం మార్పిస్తారు, శబ్దం అలాగే ఉంటుంది.

క్లచ్చు మార్చడమంటే ఫోర్ బై ఫోర్‌లో చిన్న పని కాదు. ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పాలి, ట్రాన్స్‌ఫర్ కేసుతో సహా గేరుబాక్సు కిందికి దించాలి. ఒక రోజు పని. ఒకసారి దించాక ప్లేటు ఒక్కటే మార్చి ఎక్కించడం తెలివితక్కువ. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు ఒకేసారి మార్చాలి. ఇంజన్ వెనక ఆయిల్ సీలు చెమ్మగా ఉంటే అదీ మార్చాలి, లేకపోతే కారిన నూనె కొత్త ప్లేటును నెలల్లోనే తినేస్తుంది. ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, సన్నని పగుళ్లు ఉన్నాయేమో చూడమనండి. మామూలు ఫ్లైవీలైతే లేతు పట్టించవచ్చు. మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీలైతే లేతు పనికిరాదు, మార్చాల్సిందే, బిల్లు ఒక్కసారిగా పెరిగేది అక్కడే. ఇంకో ముఖ్యమైన సంగతి నూనె. గేరుబాక్సుకు కంపెనీ జీఎల్-4 రకం నూనె రాస్తే జీఎల్-4 మాత్రమే పోయాలి. డిఫరెన్షియల్‌కు తెచ్చిన జీఎల్-5 మిగిలింది కదా అని ఇందులో పోస్తే అందులోని రసాయనాలకు గేర్లు మెత్తగా కలిసేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు అరుగుతాయి, పొద్దున్నే సెకండ్ గేరు గరగరమంటుంది.

ఇంత చెప్పినా మాన్యువల్‌కు ఒక గొప్ప గుణం ఉంది. దాని జబ్బు ఏటూరునాగారంలో మెకానిక్‌కూ తెలుసు, జన్నారంలో మెకానిక్‌కూ తెలుసు. వారాల ముందే వాసన, శబ్దం, జారుడుతో చెప్పి మరీ పోతుంది.

ఆటోమేటిక్ పని చేసేదీ పాడయ్యేదీ ఏటీఎఫ్ అనే ఎర్రటి నూనెతోనే. కన్వర్టర్‌లో బలాన్ని మోసేది అదే, లోపలి క్లచ్చుల మీద ఒత్తిడి తెచ్చేది అదే, చల్లబరిచేది అదే. 80, 90 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. 120 దాటి ఎక్కువసేపు ఉంటే గుణం పోతుంది. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో బయటి ఎండే 45 దాకా పోతుంది కాబట్టి కూలర్‌కు దొరికే చల్లగాలే తక్కువ. దానికి తోడు లోడు, తొక్కుడు, బురదలో చక్రాలు ఒకేచోట తిరగడం కలిస్తే నూనె వేడి ఎక్కడికో పోతుంది.

"ఇది సీల్డ్ గేరుబాక్సు సార్, లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోవద్దు" అనే మాట వర్క్‌షాపుల్లో తరచూ వినిపిస్తుంది. ఎవరి లైఫ్ అని అడగాలి. వారంటీ అయిపోయేదాకా అయితే నిజమే. ఓనర్స్ మాన్యువల్‌లో కఠిన వాడకం అనే పట్టిక ఉంటుంది: దుమ్ము, లోడు, ఎండ, తక్కువ దూరాల తిరుగుడు. ఉత్తర తెలంగాణలో పొలం పనికి తిరిగే బండి నూటికి నూరుపాళ్లు ఆ పట్టికలోకే వస్తుంది. 50 నుంచి 60 వేల కిలోమీటర్లకు ఒకసారి ఏటీఎఫ్ మార్పించడం మంచిది. అడుగు బోల్టు విప్పితే కారేది మొత్తం నూనె కాదు, మూడో వంతు నుంచి సగం దాకానే. మిగతాది కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. కనుక ఒకసారి మార్చి, కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి, మళ్లీ మార్చడం పాత పద్ధతి, నమ్మదగినది. కారిన నూనెను తెల్లటి గిన్నెలో పట్టి చూడండి. ముదురు గోధుమ రంగుకు తిరిగితే ఆలస్యం చేశారని అర్థం. మాడిన వాసన, అడుగున నల్లటి పొడి ఉంటే లోపలి క్లచ్చులు అరిగాయి. అడుగు బోల్టుకు ఉండే అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి ముద్ద మామూలే, చేతికి గుచ్చుకునే రజను కనిపిస్తే మాత్రం బండిని ఇంకా తిప్పొద్దు.

కొత్త నూనె పోశాక మట్టం చూసే తీరులోనే చాలా చోట్ల పొరపాటు జరుగుతుంది. ఈ తరహా బాక్సుల్లో డిప్‌స్టిక్ ఉండదు. బండి సమతలంగా లిఫ్టు మీద ఉండాలి, ఇంజన్ నడుస్తుండాలి, బ్రేకు నొక్కి లివరును పీ (పార్కింగు) నుంచి ఆర్ (రివర్సు), ఎన్ (న్యూట్రల్) మీదుగా డీ (ముందుకు) దాకా ఒక్కో స్థానంలో కొన్ని సెకన్లు ఆపుతూ తిప్పాలి. స్కానర్‌లో నూనె వేడి కంపెనీ చెప్పిన హద్దులోకి రావాలి, చాలా బాక్సులకు అది 35 నుంచి 50 డిగ్రీల మధ్య. అప్పుడు ఓవర్‌ఫ్లో బోల్టు విప్పితే సన్నని ధార వచ్చి చుక్కలుగా మారాలి, అక్కడ బిగించాలి. హైవే మీద నుంచి వచ్చిన బండిని 80 డిగ్రీల వేడితో లిఫ్టెక్కించి చూస్తే నూనె ఉబ్బి ఉంటుంది, ఎక్కువైందని తీసేస్తారు, చల్లారాక అసలు లెక్కకు తక్కువవుతుంది. నూనె తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, గేర్లు జారతాయి. హైలక్స్‌కు టొయోటా డబ్ల్యుఎస్ నూనె, వీ-క్రాస్‌కు ఓనర్స్ మాన్యువల్‌లో రాసినదే. "అన్నీ ఎర్రనూనెలే అన్నా" అని డబ్బా తెరిచే చోట బండి ఇవ్వకండి.

ఇక బురద. నాటు పడ్డ పొలం పక్క బాటలో, ఆదిలాబాద్ నల్లరేగడిలో ఇరుక్కున్న పికప్‌ను గేరుబాక్సు బయటపడేయదు, టైర్లు బయటపడేయాలి. రేగడి మట్టి టైరు గాళ్లలో నిండిందంటే కొత్త టైరు కూడా గుండు టైరే. కానీ ఇరుక్కోకుండా దాటే విషయంలో ఆటోమేటిక్‌ది స్పష్టమైన పైచేయి. బురదలో గేరు మార్చాలంటే మాన్యువల్‌లో ఒక క్షణం క్లచ్చు నొక్కాలి, ఆ క్షణంలోనే ఊపు పోయి బండి కూర్చుంటుంది. ఆటోమేటిక్‌లో తోపు తెగదు. రెండింటికీ ఒకటే పద్ధతి: బురదలో దిగాక కాదు, దిగకముందే 4ఎల్. ఇసుజులో 2హెచ్ నుంచి 4హెచ్‌కు (నాలుగు చక్రాలు, మామూలు వేగం) నడుస్తుండగానే నాబ్ తిప్పవచ్చు, 4ఎల్‌కు మాత్రం పూర్తిగా ఆపి న్యూట్రల్‌లో వేయాలి. టైర్లలో గాలి 18, 20 పీఎస్ఐకి దించితే అడుగు వెడల్పవుతుంది, బయటపడ్డాక మళ్లీ నింపుకోవాలి కాబట్టి 12 వోల్టుల చిన్న కంప్రెషర్ బండిలో ఉండాలి.

దిగబడ్డాక డీ, ఆర్, డీ, ఆర్ అని లివరును ఊయలలా ఆడించడం ఆటోమేటిక్‌ను చంపే పద్ధతుల్లో మొదటిది. చక్రాలు ఇంకా ఒకవైపు తిరుగుతుండగానే రెండోవైపు గేరు పడుతుంది, లోపలి క్లచ్చులు ఆ దెబ్బంతా తింటాయి. ఊపాలంటే ప్రతిసారీ చక్రాలు పూర్తిగా ఆగాకే మార్చాలి. పది సెకన్లు తిప్పి కదలకపోతే కాలు తీసేయండి, పారతో చక్రం ముందు తవ్వి వరిగడ్డి, మొరం వేయండి. ట్రాక్టరు ఎలాగూ పక్క చేనులోనే ఉంటుంది. దాంతో లాగించేటప్పుడు ఆటోమేటిక్ అయినా మాన్యువల్ అయినా బంపరుకు కాదు, ఛాసిస్ హుక్కుకు కట్టాలి. బురదలోంచి పది మీటర్లు లాగడం వేరు, చెడిన ఆటోమేటిక్‌ను చక్రాల మీద ఊరిదాకా లాక్కుపోవడం వేరు. ఇంజన్ ఆగితే లోపలి పంపూ ఆగుతుంది, చక్రాలు తిరుగుతుంటే లోపలి గేర్లు నూనె లేకుండా తిరుగుతాయి. ఫ్లాట్‌బెడ్ పిలిపించాలి. తాడ్వాయి అడవి దాటి లోపల తిరిగేవాళ్లు ఫ్లాట్‌బెడ్ ఎంత సేపట్లో వస్తుందో ముందే లెక్కవేసుకోండి. ఆటోమేటిక్ వద్దనడానికి నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన కారణం ఇదే.

బ్యాటరీ దిగినప్పుడూ అంతే. మాన్యువల్‌ను నలుగురు నెట్టి సెకండ్ గేరులో స్టార్ట్ చేయవచ్చు. ఆటోమేటిక్‌ను నలభై మంది నెట్టినా లేవదు. జంపర్ కేబుళ్లు ఉంటే ట్రాక్టరు బ్యాటరీ నుంచి తీసుకోవచ్చు, ట్రాక్టర్లలో సాధారణంగా ఉండేది 12 వోల్టులే. లారీ నుంచి తీసుకోవద్దు, అది 24 వోల్టులు, బండిలోని కంప్యూటర్లు కాలిపోతాయి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే లివరు పీ నుంచి కదలదు. దాని పక్కన చిన్న మూత ఉంటుంది, తీసి తాళంచెవి మొనతో లోపల నొక్కితే వదులుతుంది. ఈ మూత ఎక్కడుందో డెలివరీ రోజే చూపించమనండి.

వానాకాలం చెరువు మత్తడి దుంకి ఒర్రెలు రోడ్ల మీద పారేటప్పుడు కూడా గేరుబాక్సు గురించి ఆలోచించాలి. 2023 జులైలో మోరంచవాగు మోరంచపల్లి ఊరినే ముంచిన ఉమ్మడి జిల్లా మనది, పారే నీళ్లలో బండి దించడం గురించి వేరే చెప్పక్కర్లేదు. నిలిచిన నీళ్లలో మాత్రం హైలక్స్‌కు 700 మిల్లీమీటర్ల లోతు దాకా పర్వాలేదని కంపెనీ మాట. అయితే వేడిగా ఉన్న గేరుబాక్సు, డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని బయటివాటిని పీల్చుకుంటుంది. గాలి వచ్చిపోయే బ్రీదర్ పైపు నీళ్లలో ఉంటే నీళ్లనే పీలుస్తుంది. గేరునూనెలో నీళ్లు కలిస్తే అది పాలు పోసిన చాయ్ రంగుకు వస్తుంది, మాన్యువల్‌లో వారంలోగా మార్చేస్తే పెద్దగా నష్టం ఉండదు. ఏటీఎఫ్‌లో కలిస్తే రోజ్‌మిల్క్ రంగు. అక్కడ వారం ఆగడానికి లేదు, లోపలి క్లచ్చుల లైనింగు కాగితం లాంటిది, నీళ్లు తాకితే ఊడి వస్తుంది. రేడియేటర్‌లోనే ఏటీఎఫ్ కూలర్ ఉన్న బండ్లలో అది పగిలినా ఇదే రంగు. లోతు నీళ్లు దాటిన బండిని మర్నాడే లిఫ్టెక్కించాలి.

నిర్మల్ ఘాట్ దిగేటప్పుడు మాన్యువల్ వాళ్లకు చెప్పాల్సింది ఏమీ లేదు, ఎక్కిన గేరులోనే దిగుతారు. ఆటోమేటిక్‌లో డీ లోనే వదిలేసి బ్రేకు తొక్కుతూ దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. లివరును మాన్యువల్ వైపు జరిపి మూడో గేరుకో రెండో గేరుకో దించి ఇంజనే బండిని పట్టుకునేలా చేయాలి. న్యూట్రల్‌లో జారవిడిస్తే డీజిల్ మిగులుతుందన్నది ఈ రెండు బండ్లలోనూ అబద్ధం. గేరులో ఉండి కాలు తీస్తే ఇంజెక్టర్లు డీజిల్ ఆపేస్తాయి, న్యూట్రల్‌లో ఇంజన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ తాగుతుంది.

చెరువు కట్ట వాలులో ఆపేటప్పుడు ఒక అలవాటు నేర్చుకోవాలి. బ్రేకు నొక్కి పట్టి, ఎన్ లో వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, కాలు వదిలి, బండి హ్యాండ్‌బ్రేకు మీద కుదురుకున్నాకే పీ లో వేయాలి. నేరుగా పీ లో వేసి కాలు తీస్తే రెండు టన్నుల బండి బరువంతా లోపల వేలెడంత కొక్కెం మీద పడుతుంది. తర్వాత లివరు తీసేటప్పుడు ఠక్కుమని వచ్చే శబ్దం అదే.

నడిపేది మీరా, జీతం డ్రైవరా అన్నది కూడా తేల్చుకోండి. ఇరవై ఏళ్లు ట్రాలీ నడిపిన మనిషికి ఆటోమేటిక్ ఇస్తే మొదటి వారం ఎడమ కాలు క్లచ్చు కోసం వెతుకుతుంది, దొరికేది వెడల్పాటి బ్రేకు పెడల్. హైవే మీద ఆ తొక్కుడుకు వెనక వచ్చేవాడు డాలాను, అంటే సరుకు వేసే తొట్టిని, గుద్దుతాడు. మొదటి రోజులు ఎడమ కాలు సీటు కిందికి మడిచి పెట్టుకోమని చెప్పాలి. నలుగురైదుగురు డ్రైవర్లు మారే బండి అయితే ఆటోమేటిక్ లాభం, చెడు చేతుల్లో పడినా క్లచ్చు ప్లేటులా బలికాదు. ఒకే మంచి డ్రైవరు ఉంటే మాన్యువల్‌తో నష్టం లేదు.

లోడు గురించి రెండు మాటలు. డబుల్ క్యాబ్ అంటే ట్రాలీ కాదు. బండి ప్లేటు మీద ఉన్న గ్రాస్ వెహికల్ వెయిట్‌లోంచి ఆర్సీలోని ఖాళీ బరువు తీసేయండి, అందులోంచి కూర్చునే మనుషుల బరువు తీసేయండి, మిగిలిందే డాలాలోకి. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50, కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా 40. పది యూరియా బస్తాలంటేనే 450 కిలోలు. ఆటోమేటిక్‌కు టార్క్ ఉంది కదా అని ఇరవై వేస్తే గేరుబాక్సు లాగుతుంది, నూనె వేడిని మాత్రం కూలర్ మోయలేదు. తెల్ల ప్లేటు బండిలో కిరాయి సరుకు తోలకూడదన్నది సరేసరి.

సెకండ్‌హ్యాండ్‌లో చూసేవాళ్లకు నా సలహా మాన్యువల్ వైపే. దాని లోపం అరగంట నడిపితే బయటపడుతుంది, బాగుచేయించే ఖర్చూ అంచనాకు అందుతుంది. ఆటోమేటికే కావాలంటే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, మీరు వచ్చేసరికి వేడి చేసి ఉంచితే అనుమానించండి. బ్రేకు మీద ఉండి పీ నుంచి ఆర్, ఆర్ నుంచి డీ వేస్తే ఒకట్రెండు సెకన్లలో మెత్తగా పట్టాలి. ఠపీమని కొట్టినా, మూడు నాలుగు సెకన్లు ఆలోచించినా వదిలేయండి. గేర్లు మారేటప్పుడు ఇంజన్ మోత పెరిగి బండి పెరగకపోతే లోపల జారుతున్నట్టు. ములుగు రోడ్డెక్కి 60, 70 మధ్య నిలకడగా నడపండి. రంబుల్ స్ట్రిప్పుల మీద వెళ్తున్నట్టు సన్నని వణుకు వచ్చి, కాలు తీయగానే పోతే లాకప్ క్లచ్చు అరిగింది, లేదా నూనె చెడింది. ఏటీఎఫ్ మార్చిన బిల్లు చూపించలేని లక్ష కిలోమీటర్ల ఆటోమేటిక్‌కు ధర ఎంత తగ్గించినా తక్కువే.

కొత్తది కొనేటప్పుడు షోరూంలో అడగాల్సిన ప్రశ్న మైలేజీ గురించి కాదు. ఆటోమేటిక్ గేరుబాక్సు విప్పే పని వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో చేస్తారా, హైదరాబాద్ పంపిస్తారా? నూనె మట్టం స్కానర్ పెట్టి చూస్తారా? ఎక్స్‌టెండెడ్ వారంటీలో వాల్వ్ బాడీ (నూనె ఒత్తిడిని లోపలి క్లచ్చులకు పంచేది), కన్వర్టర్ ఉన్నాయా? నోటిమాట కాకుండా కాగితం మీద రాయించుకోండి. జవాబులు తృప్తిగా ఉండి, నడిపేది మీరే అయి, తిరుగుడు ఎక్కువగా ఊరు, పట్నం, పొలం మధ్యే అయితే వీ-క్రాస్‌లోనూ ఆటోమేటికే తీసుకోండి. పోలవరం కాల్వ పనుల వంటి దూరపు సైట్లకో, అడవి లోపలికో వారాల తరబడి వెళ్లే బండి అయితే మాన్యువల్. హైలక్స్ అయితే ఆటోమేటిక్.

టెస్ట్‌డ్రైవ్‌కు షోరూం వాళ్లు హంటర్ రోడ్డు మీద ఖాళీగా ఒక చక్కర్ కొట్టించి దింపేస్తారు. దానికి ఒప్పుకోకండి. డాలాలో బస్తాలు వేయనివ్వరు కాబట్టి ఇంట్లో నలుగురు పెద్దవాళ్లను ఎక్కించుకుపోండి, 280 కిలోలు అక్కడే వచ్చేస్తాయి. కాజీపేట బ్రిడ్జి ఎత్తులో ఆపి మళ్లీ కదిలించండి, ఏదైనా ర్యాంపు మీదికి రివర్సులో ఎక్కించండి. మాన్యువల్ డెమో బండితో ముందు ఇది చేసి, ఎడమ మోకాలు చల్లారకముందే ఆటోమేటిక్ ఎక్కండి.